సగం సాయంత్రం, సగం తెల్లవారుజామున

కొలనోస్కోపీకి, అంటే పెద్దపేగులోకి గొట్టం పంపి చూసే పరీక్షకి, ముందు పేగు శుభ్రపడాలని తాగించే పొడిని నీళ్లలో కలిపితే ఒక వాసన వస్తుంది. నిమ్మకాయ వాసన అనిపించాలని తయారుచేసినవాళ్ల ఆశ, పాపం. ఈ ఉదయం ఆ వాసన తగలగానే సుగుణ సిస్టర్ గుర్తొచ్చింది. గోదావరిఖనిలో నేను నర్సుగా చేరినప్పుడు మా విభాగానికి ఆమే పెద్ద సిస్టర్. చేరిన వారంలోనే ఒక గ్లాసు కలిపి నా చేతిలో పెట్టింది.

"తాగు. నువ్వు తాగకుంటే రోగికి ఏం చెప్తవు?"

తాగాను. సగంలో ఆగి ముక్కు మూసుకున్నాను. "రంజన్ల నీళ్లు కలుపుమను, సల్లగుంటె దిగుతది" అంది. కుండనీళ్లు కలపమని నేనూ ఇప్పటికీ చెబుతున్నాను.

అప్పట్లో రెండు పద్ధతులుండేవి. కలిపిన రెండు లీటర్ల మందూ ముందు రోజే తాగించడం ఒకటి. సగం సాయంత్రం, మిగతా సగం తెల్లవారుజామున తాగించడం ఇంకొకటి. మొదటి దానితో రోగికి నిద్ర దక్కుతుంది. రెండో దానితో పొద్దుటికల్లా పైనుంచి మళ్లీ దిగే మడ్డి కూడా పోయి పేగు శుభ్రంగా ఉంటుంది. సిస్టర్ రెండోదే అనేది. నాకది మొండితనంలా తోచేది.

ఒకసారి రాజయ్య అనే గని కార్మికుడు వచ్చాడు. రెండు నెలలుగా విరేచనంలో రక్తం. క్యాన్సరేమోనని ఇంట్లో భార్య ఏడుస్తోందట. ఆ వారం అతనికి బాయిలో, అంటే గనిలో, నైట్ షిఫ్టు. ఒక్క రోజు హాజరు కూడా పోగొట్టుకోవడం ఇష్టం లేదు.

"బాయిల పాయఖానలుంటయా అక్కా? మొత్తం పగటీలే తాగి డ్యూటీకి పోత. పొద్దుగాల సీదా ఇటే వస్త."

జాలిపడి సరేనన్నాను. ఎప్పుడు తాగినా మందు అదే కదా అనుకున్నాను.

మర్నాడు చెవుల వెనక బొగ్గు మసితోనే వచ్చాడు. సాఫ్ అయిందా అంటే "మంచిగైంది" అన్నాడు. చీటీలో శుభ్రంగా ఉందని రాసేశాను. సిస్టర్ అది చదివి "నువ్వు చూసినవా?" అని అడిగింది. లేదన్నాను. అతన్ని మరుగుదొడ్డిలోకి పంపి, నీళ్లు పోయొద్దని చెప్పి, తనే వెళ్లి చూసి వచ్చింది.

"డికాషన్ లెక్కున్నది. లేత పసుపు నీళ్లే రావాలె. ఇయ్యాల చేస్తే ఏం కనవడది."

ఇవాళ పరీక్ష లేదనేసరికి రాజయ్య అరిచాడు. ఆమె కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చుంది. "తప్పు మాదే అన్నా. ఎట్ల తాగాల్నో నేనే సక్కగ చెప్పియ్యలే. ఒక్క రోజు లీవు పెట్టు, సగం సగం తాగి రా." నాకు తల కొట్టేసినట్టయింది.

రెండు రోజుల తర్వాత అలాగే వచ్చాడు. పేగు కుడివైపు, ఒక ముడత వెనక, పల్లీగింజంత కండ కనబడింది. అక్కడే తీసేశారు. ఇంకా క్యాన్సర్ కాలేదు, వదిలేస్తే అయ్యేదని వారం తర్వాత ల్యాబ్ రిపోర్టు చూసి డాక్టర్ చెప్పాడు.

వెళ్తూ రాజయ్య అడిగాడు. "మొదటిసారే చేసుంటె ఏమయ్యేది సిస్టరమ్మా?"

"ఏం లేదని రాసిచ్చేటోళ్లం. నువ్వు ఖుషీగ ఇంటికి పోయేటోనివి."

ఆ మాట అంటూ ఆమె నా వైపు చూడలేదు. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది.

సిస్టర్ పోయి మూడేళ్లయింది. ఇప్పుడు నేనే పెద్ద సిస్టర్‌ని. సాఫ్ అయిందన్న ప్రతివాళ్ల వెనకా వెళ్లి నా కళ్లతో చూస్తాను. కొత్తగా చేరిన పిల్లలు చాదస్తమని నవ్వుకుంటారు, నవ్వుకోనీ. రాజయ్య అప్పుడప్పుడు కూరగాయల మార్కెట్లో ఎదురుపడి, మీరే బతికిచ్చిండ్రని చేతులు జోడిస్తాడు. ఆ రోజు చీటీలో నేనేం రాశానో అతనికి ఇంతవరకూ చెప్పలేదు.