చాచా కడిగిన ఫ్లాస్కులు

బాల్కనీలో మరిచిపోయిన నీళ్ళ సీసా వారంలోనే పచ్చబడింది. పనిమనిషి పారబోయబోతుంటే ఎందుకో వద్దన్నాను. ఆమె నన్ను వింతగా చూసింది. ఇదే పాచిని పెంచడానికి నేను రెండేళ్ళు తంటాలు పడ్డానంటే నమ్ముతుందా?

తొంభైల మొదట్లో బోధన్‌లో ఒక కాలేజీలో బాటనీ చెప్పేదాన్ని. చెరకు పొలాల కాలువలోంచి తెచ్చిన పాచిని, ఎం.ఫిల్. కోసం లవణాలు కలిపిన నీళ్ళలో పెంచాలి. పదిహేను రోజులకోసారి, మంటమీద కాల్చి శుభ్రం చేసిన సన్నటి తీగతో కొంచెం తీసి కొత్త ఫ్లాస్కులోకి మార్చకపోతే చచ్చిపోతుంది. దానికి పండగ లేదు, నాకు జ్వరమొచ్చినా పట్టదు. నిజామాబాద్ నుంచి బస్సులో నిలబడి వచ్చి, నాలుగు క్లాసులు చెప్పి ఆ పనికి కూర్చునేసరికి ప్రాణం తోకకొచ్చేది. ఫ్లాస్కులు కడిగేది మా అటెండర్ చాచా. తాతలనాటి నుంచీ బోధన్‌లో ఉన్న కుటుంబం. పన్నెండేళ్ళుగా టెంపరరీ, ఆ ఏడే పర్మనెంటు ఫైలు కదిలింది. యాసిడ్‌తో కడిగి, ఏడుసార్లు నీళ్ళతో తొలిచి, ఒక్కో ఫ్లాస్కునూ వెలుతురుకు పట్టి పెళ్ళిచూపుల్లో పిల్లను చూసినట్టు చూసేవాడు.

ఆ వేసవిలో మూడుసార్లు మార్చినా పాచి పెరగలేదు. కొత్త ఫ్లాస్కుల్లో నీళ్ళు తేటగా ఉండిపోయాయి. నా చదువు మట్టిగొట్టుకుపోతుందని ఏడుపొచ్చింది. చాచా యాసిడ్ పోయేలా కడగడం లేదని ప్రిన్సిపాల్‌కు కాగితం రాసిచ్చాను. ఫైలు ఆగిపోయింది.

"ఏడుసార్లు కడిగిన బేటీ," అన్నాడు చాచా. చేతిలోని ఫ్లాస్కును వెలుతురుకు పట్టి చూసి, "ఏమో, కండ్లు మసకైనయి. నాదే గల్తీ ఉంటది. నువ్వు ఫికర్ జెయ్యకు," అన్నాడు.

కాలేజీ తెరిచాక ప్రాక్టికల్స్‌లో ఒకమ్మాయి, మంటమీద కాల్చిన తీగను అలాగే పాచిలో ముంచింది. చుయ్యిమంది. "చల్లారనియ్యమ్మా, పాచి చచ్చిపోతుంది," అన్నాను. అన్నాకగానీ నాకు తట్టలేదు. వేసవంతా బస్సు అందుకోవాలన్న తొందరలో నేను చేసిందీ అదే.

సిగ్గు విడిచి చాచాకు చెప్పాను.

"ఎవరికన్న జెప్పినవా?"

"లేదు చాచా."

"ఇప్పుడే జెప్పకు. డిగ్రీ చేతికి రానియ్యి."

ఆ మాటతో నా గుండె తేలికపడింది. అందుకు ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేను. డిగ్రీ వచ్చింది. ప్రిన్సిపాల్ దగ్గరికి రేపు వెళ్దామనుకున్నాను; తర్వాత పరీక్షలు, తర్వాత బదిలీ. చాచా టెంపరరీగానే ఇంటికి వెళ్ళిపోయాడు, ఎక్కువ రోజులు బతకలేదు. అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. చాలా కాలం ఉందనుకున్నాను. ఉన్నది నాకే, చాచాకు లేదు.