చంకల్లో చేతులు

దుబాయ్‌లో మా సైటులో ఒక సిగ్నల్‌మ్యాన్ ఉండేవాడు. కింద సామాను కట్టించి, ఎక్కడో ఆకాశంలో క్రేన్ కేబిన్‌లో కూర్చున్న ఆపరేటర్‌కు ఎత్తు, దించు, ఆపు అని చేతులతో చెప్పడం ఆయన పని. పైవాడికి కింది అరుపులు వినపడవు. వినపడినా లెక్కలోకి తీసుకోకూడదు. సిగ్నల్‌మ్యాన్ చెయ్యి ఏం చెబితే అదే శాసనం. ఆయనది జగిత్యాల దగ్గర పల్లె, నాకంటే పదిహేనేళ్ళు పెద్ద, బడికి పోయింది మూడేళ్ళో నాలుగేళ్ళో. నా చదువులో నాకు దొరకని గురువు ఆయనే అని ఇప్పుడు సంతోషంగా రాస్తున్నాను. అప్పుడు మాత్రం ఆయన్ని చూస్తేనే నాకు ఒళ్ళు మండేది.

ఎందుకంటే ఆయనకొక అలవాటు ఉండేది. ఎవరైనా తొందరపెట్టారంటే చాలు, రెండు చేతులూ చంకల్లో దూర్చుకుని నిలబడేవాడు. ఎదురు చెప్పడు, కోప్పడడు, కదలడు. చేతులు కట్టుకుని నిలబడడం మన దగ్గర వినయం. ఆయన అలా నిలబడితే మాత్రం నాకు బండమొండితనంలా కనిపించేది. ఎంత మొత్తుకున్నా రాతి మీద నీళ్ళు పోసినట్టే. కాసేపటికి ఆయనకే బుద్ధిపుట్టి చేతులు బయటికి తీసేవాడు. తీశాక పని క్షణాల్లో అయిపోయేది, ఒక్క కట్ట పక్కకి ఒరిగిన పాపాన పోలేదు.

ఇక నా సంగతి. మాది నెల్లూరు. డిప్లొమా పూర్తిచేసి, కరామాలో ఒకే గదిలో ఆరుగురితో ఉంటూ, సైటు ఇంజనీరుగా చేసేవాణ్ణి. పని మీద పడితే ముందు నాకు చెవులు వేడెక్కేవి, తర్వాత నోరు పరుగెత్తేది. పైవాళ్ళు మాట సగంలో ఉండగానే 'యస్ సార్' అనేసేవాణ్ణి, మిగతా సగంలో ఏముందో దెబ్బ తిన్నాక తెలిసేది. కిందివాళ్ళ మీద అరవడం సరేసరి. అలాగే మర్నాడు రావలసిన కాంక్రీటు బళ్ళను ఒకసారి ముందు రోజే పిలిపించాను. ఇంకోసారి తనిఖీకి వచ్చిన కన్సల్టెంటు మీదే నోరు పారేసుకున్నాను. రెంటికీ రెండు వార్నింగ్ లెటర్లు వచ్చాయి. మూడోది వస్తే వీసా క్యాన్సిల్, ఊరికి టికెట్టు. ఒత్తిడిని తట్టుకోవడం ఎలాగో నేర్పడానికి కంపెనీ మాకు ఒక రోజు క్లాసు కూడా పెట్టించింది. హాల్లో ఏసీ చల్లగా ఉండేసరికి హాయిగా నిద్రపట్టింది.

2006 వేసవిలో ఒక రోజు. ఏడో అంతస్తు స్లాబుకు స్టీలు కట్ట ఎత్తాలి. పదకొండింటికి కన్సల్టెంటు వస్తాడు. ఆలోపు స్టీలు పైన లేకపోతే మూడో లెటర్ నాదేనని నాకు తెలుసు. కట్ట వెళ్ళే దారిలో, భవనం అవతలి వైపు, ఆరో అంతస్తు అంచున నలుగురు కార్పెంటర్లు పలకలు బిగిస్తున్నారు. వాళ్ళు తప్పుకున్నాకే ఎత్తాలి. మేమున్న చోటి నుంచి ఆ అంచు కనిపించదు. మా ప్రాజెక్టు మేనేజర్, ఒక అరబ్బు, ఆ వైపే ఉన్నాడు. సైటులో అందరం ఆయన్ని ముదీర్ అనేవాళ్ళం. ఫోన్ చేసి, కార్పెంటర్ల పని అయిందా, కట్ట ఎత్తమంటారా అని అడిగాను. హోరులో "ఖలాస్, ఖలాస్" అని వినపడింది. ఫోన్ పెట్టేశాడు.

మనవాళ్ళ నోట్లో ఖలాస్ అంటే ఒకటే, అయిపోయిందని. కార్పెంటర్ల పని అయిపోయిందన్నమాట. నేను పరుగెత్తుకుంటూ వచ్చి ఎత్తమన్నాను. సిగ్నల్‌మ్యాన్ నా మొహం ఒకసారి చూసి చేతులు చంకల్లో పెట్టుకున్నాడు.

"ఏందన్నా, చెప్తుండా గదా, చెయ్యెత్తు."

ఆయన కదల్లేదు. కంప్లైంట్ రాస్తానన్నాను, జీతంలో కోయిస్తానన్నాను, కోయించే అధికారం నాకు లేదని ఇద్దరికీ తెలుసు. నా అరుపులకు స్టీలు కట్టేవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. నా ఊపిరి అయిపోయేదాకా ఆగి అడిగాడు.

"ముదీర్ ఏమన్నడు సారూ? అన్న మాటనే చెప్పుండ్రి."

"ఖలాస్ అన్నాడు."

"అయిపోయిందన్నట్టా, ఆపుమన్నట్టా?"

ఆ మాటను అరబ్బులు 'చాలు, ఇక వదిలెయ్' అనడానికి కూడా వాడతారని నాకు తెలియక కాదు. రెండేళ్ళుగా రోజూ వింటున్న మాటే. ఆ పూట నాకు కావలసిన అర్థమే నా చెవిలో పడింది. జర ఆగమని చెప్పి ఆయన నడుచుకుంటూ అవతలికి వెళ్ళాడు. పరుగెత్తలేదు. ఆ నడక చూస్తూ పళ్ళు కొరుక్కున్నాను. ఐదు నిమిషాల తర్వాత అలాగే నడుచుకుంటూ వచ్చాడు.

"నలుగురు ఆడనే ఉన్నరు సారూ. కట్ట వాళ్ళ నెత్తి మీదికెల్లే పోతుండె."

అంతే అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. నేను పక్కనున్న పలకల దొంతి మీద కూలబడ్డాను.

కార్పెంటర్లు దిగాక స్టీలు ఎత్తాం. ఆలస్యమైంది, కన్సల్టెంటు గొణిగాడు, వెళ్ళిపోయాడు. అప్పుడు ముదీర్ వచ్చి నా భుజం తట్టాడు. తను ఆపమన్నది ఫోన్‌లో సరిగా వినపడలేదేమోనని భయపడ్డాననీ, మనుషులున్నారని గ్రహించి క్రేన్ ఆపినందుకు మెచ్చుకుంటున్నాననీ ఇంగ్లీషులో అన్నాడు. నా నోరు ఎప్పటిలాగే నాకంటే ముందు పలికింది. "యస్ సార్" అన్నాను. సిగ్నల్‌మ్యాన్ నాలుగడుగుల దూరంలో కట్టలెత్తే బెల్టులు చుట్టిపెడుతున్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు.

టీ వేళకు ఆయన పక్కన వెళ్ళి కూర్చున్నాను. సిగ్గుగా ఉంది, కానీ అసలు విషయం ఎత్తే ధైర్యం లేదు. అంతమంది అరుస్తుంటే భయం లేకుండా ఎలా నిలబడతావన్నా అని అడిగాను. ఆయన నవ్వాడు.

"భయం లేదని ఎవలన్నరు? ఎవలన్న గట్టిగ ఒర్రితే నా చేతులు వణుకుతయి సారూ. వణికే చెయ్యి పైనున్నోనికి సిగ్నల్ లెక్కనే కనవడ్తది. అందుకే చంకల పెట్టుకుంట. వణుకు ఆగినంక తీస్త."

ఇన్నాళ్ళూ మొండితనం అనుకున్నది అదీ! తన భయం తన ఒంట్లో ఎక్కడ కాపురముంటుందో ఆ మనిషికి తెలుసు. దాన్ని వెళ్ళగొట్టాలని చూడలేదు, దానికి సిగ్గుపడనూ లేదు. అది సద్దుమణిగేదాకా పనికి అడ్డం రాకుండా చూసుకున్నాడు. ఆ క్షణంలో ఆయన మీద నాకు కలిగిన గౌరవం ఏ ముదీర్ మీదా కలగలేదు. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, నెమ్మదిగా మరో మాట అన్నాడు.

"మీ చేతులు మంచిగనే ఉంటయి సారూ. మీకు నోరు వణుకుతది."

నేను లేచి ముదీర్ క్యాబిన్‌కు వెళ్ళాను. తలుపు దగ్గర నిలబడి నోరు మూసుకుని పదిదాకా లెక్కపెట్టాను. క్రేన్ ఆపింది నేను కాదు, ఎత్తమన్నది నేను, ఆపింది సిగ్నల్‌మ్యాన్, అని మూడు ముక్కల్లో చెప్పాను. ముదీర్ మూడో లెటర్ రాయించి, సంతకం చేసి, పై ఆఫీసుకు పంపకుండా తన సొరుగులో పెట్టాడు. మళ్ళీ ఇలా జరిగితే అది వెళ్తుందన్నాడు. మర్నాటి నుంచి సైటులో ఏది ఎత్తాలన్నా ఆఖరి మాట సిగ్నల్‌మ్యాన్‌దేనని అందరినీ పిలిచి చెప్పాడు. ఇంజనీరునై ఉండి రెండేళ్ళు ఆయన్ని అడిగి ఎత్తించాను, ఒక్కసారీ చిన్నతనమనిపించలేదు.

ఆ సాయంత్రం నేను క్యాబిన్ నుంచి బయటికి వచ్చేసరికి కూలీల క్యాంపుకు పోయే సోనాపూర్ బస్సు బయలుదేరబోతోంది. ఆ నలుగురు కార్పెంటర్లూ కిటికీ సీటు కోసం మెట్ల మీదే తోసుకుంటున్నారు. వాళ్ళలో ఒకడు నన్ను చూసి, పొద్దున క్రేన్ అంతసేపు ఎందుకాగింది సార్, మా పలకలు పైకి రాక పని ఖరాబైంది అని విసుక్కున్నాడు.