ఉట్టిలో సగం రొట్టె

మా ఆయన గుట్ట దిగి ఇంటికి వచ్చాక కూడా రొట్టెలో సగమే తినేవాడు. మిగతా సగం ఉట్టిలో పెట్టేవాడు. పొద్దున దాన్ని బర్రెకు వేయడం నా పని.

రజాకార్ల కాలంలో చిట్యాల దగ్గరి గుట్టల్లో ఆయనా, ఒక స్నేహితుడూ దాక్కున్నారు. నేను గడ్డిమోపులో రొట్టెలు దాచి చేను గట్టు దాకా మోసేదాన్ని. ఉన్న రొట్టెను ఇద్దరూ విరుచుకునేవాళ్లట. మూట కోసం కిందికి వెళ్లినవాడి సగం పైనున్నవాడు పక్కన పెట్టి ఉంచేవాడట. ఒకరోజు ఆ స్నేహితుడు దిగాడు. నా చేతిలోంచి రొట్టెల మూట అందుకుని జొన్నచేలోకి నడిచాడో లేదో రజాకార్ల తుపాకీ మోగింది, అక్కడే కూలిపోయాడు. పైన ఈయన అతని సగం పట్టుకుని పొద్దుగూకే దాకా కూర్చున్నాడు.

యూనియన్ పటాలం వచ్చింది, నిజాం రాజ్యం పోయింది. ఈయన కడుపులో మంట మాత్రం పోలేదు. పేగులో పుండు పడిందనీ, వేళకు మెత్తటి తిండి కడుపునిండా తినకపోతే మనిషి దక్కడనీ నల్గొండ దవాఖానలో చెప్పారు.

జొన్నరవ్వతో మెత్తగా గట్క వండి పెడితే పక్కకు జరిపి రొట్టె అడిగేవాడు. చిన్నవి రెండు చేస్తే రెండూ విరిచి సగాలు ఉట్టిలో పెట్టాడు. నాకు ఒళ్లు మండింది. పోయినవాడి కోసం ఉన్నవాణ్ణి మాడ్చడం ఏం న్యాయం?

"వండుడు నా పని, పెట్టుడు నా పని. నీ బదులు తినుడు నాతోని కాదు," అన్నాను. "జొన్నరవ్వ గీడుంది, సల్ల గాడుంది. బతుకుడు వద్దో కావాల్నో నువ్వే సూస్కో."

కోపంగా చేలో కలుపు తీయడానికి పోయాను గానీ, అక్కడ చెయ్యి ఆడలేదు. మధ్యాహ్నానికే తిరిగొచ్చాను. ఇల్లంతా పొగ. అడుగంటిన గట్కలో పైపైది గిన్నెలో వేసుకుని, చల్ల పోసుకుని, ముద్ద ముద్దా తింటున్నాడు. గిన్నె ఖాళీ అయ్యేదాకా నేను గడప దాటలేదు.

"ఆడు రాడు గదా," అన్నాడు.

"రాడు," అన్నాను. ఆ మాట మా ఇంట్లో అప్పటిదాకా ఇద్దరం అనలేదు.

అప్పట్నుంచి తన గట్క తనే వండుకున్నాడు. కారం తనే మానేశాడు. మనిషి తేరుకుంటుంటే సంతోషించాను, అబద్ధమెందుకు. కానీ ఖాళీ ఉట్టిని చూస్తే నాకు ముద్ద దిగేది కాదు. మూట అందుకున్న అతని చెయ్యే కనబడేది. ఒకరోజు నా రొట్టె విరిచి సగం ఉట్టిలో పెట్టాను.

ఆయన చూశాడు. లేచి దాన్ని దించి నా ముందు పెట్టాడు.

"నీ బదులు తినుడు నాతోని గూడ కాదు," అన్నాడు.

ఆ సగాన్ని చేతిలోకి తీసుకున్నాను. మొత్తం తిన్నాను.