చెరుకురసంలో ఉత్తర ధ్రువం

ఆ రోజుల్లో ప్రళయం వారానికొకటి వచ్చేది. టీవీ పెడితే చాలు, ఎర్రటి అక్షరాలు, గుండెలదిరే సంగీతం, మధ్యలో గడ్డం నిమురుకుంటూ ఒక పెద్దమనిషి. సోమవారం ఏదో గ్రహం వచ్చి మనల్ని గుద్దేది, గురువారం సూర్యుడు ఆరిపోయేవాడు. ఆదివారం సినిమా వేస్తారు కాబట్టి భూమికి కాస్త విశ్రాంతి. రాకెట్లు లేచే చోటికి పక్కనే ఉన్న సూళ్లూరుపేట దగ్గర ఒక ఫ్యాక్టరీలో కొత్తగా చేరి, ఫిజిక్సు డిగ్రీని చంకలో పెట్టుకొని తిరిగే నేను అదంతా చూసి పగలబడి నవ్వేవాణ్ణి. నా నవ్వుకు వాటికి ఒళ్లు మండిందేమో, ఆ ప్రళయాల్లో ఒకటి సరాసరి నా పెళ్లి మీదికే వచ్చింది.

పిల్లది తిరుచానూరు. వాళ్ల నాయనకు లాడ్జీల వీధి మొదట్లో చెరుకురసం బండి. తల్లి లేని పిల్లను ఆ బండి మీదే పెంచి డిగ్రీ చదివించాడు. నిశ్చితార్థం అయిపోయింది, ముహూర్తం పెట్టేశారు, మా అమ్మ పట్టుచీర కొనేసి వీధంతా చూపించేసింది కూడా. (నేను పిల్లను చూసిన రోజు నుంచీ రాత్రిళ్లు నిద్ర మానేశాను, అది వేరే సంగతి.) అప్పుడు సంబంధం కుదిర్చిన మా పెద్దమ్మ ఫోను చేసింది. "నీకు కాబోయే మామ పెండ్లి వద్దంటా ఉండాడు రా." "యాలమ్మా? నా గురించి ఎవరేం సెప్పినారు?" అన్నాను. "నీ గురించి కాదురా, భూమి గురించి సెప్పినారంట" అంది.

సంగతేమిటంటే, ఉత్తర ధ్రువం మంచు అంతా కరిగిపోతోందట, పైన బరువు తగ్గి భూమి ఒక పక్కకు ఒరిగి పడుతుందట, సముద్రం లేచి ఒడ్డునున్న ఊళ్లను మింగేస్తుందట. సూళ్లూరుపేట సముద్రానికి దగ్గర కదా, పిల్లను చూస్తూ చూస్తూ అక్కడికి ఇవ్వనని మామ మంకుపట్టు పట్టాడు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు. ఇక్కడ ఒకే ఒక్క అబద్ధం నా పెళ్లిని ఆపేస్తోంది. ఆదివారం తెల్లవారుతూనే తిరుపతి బస్సెక్కేశాను.

మామ నన్ను చూసి మొహం చాటేయలేదు. "రా అబ్బోడా, ఎండన పడి వచ్చినావు" అని స్టూలు వేసి, అల్లం, నిమ్మకాయ దండిగా వేసి రసం చేతికిచ్చాడు. పిల్లనివ్వడు గానీ రసం మాత్రం ప్రేమగా ఇచ్చాడు. కాబోయే మా ఆవిడ బండి వెనకాల గ్లాసులు కడుగుతోంది. నేను గొంతు సవరించుకొని, "మామా, భూమి అట్లా ఒరగదు" అన్నాను. "మా బండి ఒరిగిందే!" అన్నాడాయన. పోయిన ఎండాకాలం ఐసుగడ్డను గోనెపట్టాలో చుట్టి బండికి ఒక కొసన పెట్టాడట, మధ్యాహ్నానికి అది కరిగి ఆ పక్క తేలికైపోయి బండి రెండో పక్కకు వాలిందట, గ్లాసులన్నీ పగిలాయట. "ఇంతుండే బండే ఒరిగితే, అంతుండే భూమి ఒరగదా అప్పా?"

"బండి కింద నేలుండాది మామా, భూమి కింద ఏముండాది? యాడ పడతాది?" అన్నాను గొప్పగా. మామ నిమ్మకాయ కోస్తూ, "కింద నేలే లేకుంటే ఇంకా బిరీన పడతాది గదా!" అన్నాడు. ఆ దెబ్బకు కంగారుపడి, "అసలు భూమి మొదట్నించీ కొంచెం ఒరిగే ఉండాది, దానివల్లే మనకు ఎండాకాలం, చలికాలం" అనేశాను. "అయ్యో దేవుడా, అప్పుడే ఒరిగిపోయిందా!" అని మామ బండి పట్టుకున్నాడు. తర్వాత శాంతంగా, "ఈడైతే కొండుండాది, ఎక్కేస్తాం. ఆడ ఏం ఎక్కతారు, రాకెట్టా?" అన్నాడు.

ఇక లాభం లేదని ప్రయోగానికి దిగాను. ఉత్తర ధ్రువం మంచు చాలావరకు నీళ్ల మీద తేలేదే కాబట్టి, అది కరిగినా సముద్రం ఎగిసిపడదని చూపించాలి. గాజుగ్లాసు అంచుదాకా చెరుకురసం పోసి ఐసుముక్క వేసి, "కరిగేదాకా సూడు మామా, సుక్క పొర్లదు" అన్నాను. "కరిగేదాకా తాగకుండా ఎవుడుంటాడప్పా?" అని గొణిగాడు గానీ, ముగ్గురం ఆ గ్లాసు చుట్టూ చేరాం. కరిగింది. పొర్లింది. సన్నటి ధార ఒకటి గ్లాసు పక్కనుంచి జారి బల్ల మీదికొచ్చింది, వెనకే చీమలు కూడా వచ్చాయి. (రసం నీళ్లకన్నా చిక్కన, అందుకే ఐసు కాస్త పైకి తేలుతుంది, కరిగాక ఆ కాస్తా పైకొస్తుంది. ఈ జ్ఞానం నాకు తిరుగు బస్సులో కలిగింది.) "సముద్రం వచ్చేసింది" అన్నాడు మామ దిగులుగా. నా పెళ్లి చీమలపాలైందనుకున్నాను. అప్పుడు ఆ పిల్ల ఇంకో గ్లాసు నిండా మంచినీళ్లు పోసి, ఐసు వేసి, తండ్రి ముందు పెట్టింది. "నాయనా, ఇప్పుడు సూడు" అంది. కరిగింది. పొర్లలేదు. ఆ పిల్లకు నేనంటే ఇష్టమేనని నాకు రూఢిగా తెలిసింది ఆ గ్లాసు వల్లే.

నేను నిజమే చెప్పాను. నేల మీది మంచు కరిగితే సముద్రం పెరిగే మాట వాస్తవమే, దానికి జాగ్రత్త పడాల్సిందే, కానీ అది ఏళ్లూ పూళ్లూ పట్టే పని, భూమి మాత్రం బోర్లా పడదు అన్నాను. మామ గ్లాసు వంకే చూస్తూ తలూపాడు. "రోలర్లో చెరుకు గడలు పెట్టేటప్పుడల్లా ఈ బిడ్డ 'నాయనా, సెయ్యి జాగర్త' అంటాది. ఆడికి పోతే నాకు ఎవరంటారప్పా?" అని తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. అప్పటికి గానీ ఏ మంచు కరుగుతోందో నాకర్థం కాలేదు. "పొద్దున బస్సెక్కితే మధ్యాన్నం అన్నానికి మీ కాడుంటాది మామా. ఎప్పుడు రమ్మంటే అప్పుడు తోడుకొస్తా" అన్నాను. "రాకెట్టు లేసేటప్పుడు నన్ను పిలుస్తావా?" "పిలుస్తా." "అట్లయితే కానీండి" అన్నాడు.

భూమి పడిపోలేదు. మామ ప్రతి రాకెట్టుకూ వచ్చాడు, ఇప్పుడు మోకాళ్లు మొరాయించి మా ఇంట్లోనే ఉంటున్నాడు. మొన్న మా పాపకు విశాఖపట్నంలో హాస్టలు బడిలో సీటొచ్చింది. అందరూ సంబరపడుతుంటే నేను ఫోనులోకి చూస్తూ, "విశాఖంటే సముద్రం పక్కనే కదా, ఈ మధ్య ధ్రువాల్లో మంచు మరీ కరిగిపోతోందట" అన్నాను గంభీరంగా. మా ఆవిడ ఉరిమి చూసింది. మామ మెల్లగా లేచి, గోడ పట్టుకొని ఫ్రిజ్జు దాకా వెళ్లి, గాజుగ్లాసు నిండా నీళ్లు పోసి, ఐసుముక్క వేసి నా ముందు పెట్టి ఎదురుగా కూర్చున్నాడు. "కరిగేదాకా సూడు నాయనా" అన్నాడు. చూస్తూ కూర్చున్నాను. గ్లాసులోంచైతే ఒక్క చుక్కా పొర్లలేదు. మామ భుజం మీది తువ్వాలు తీసి నా వైపు జరిపాడు.