డబ్బాలో పోసిన ఆయిల్

వానాకాలంలో మా రేవుకు వచ్చే బండి ఒక్కటే, మీరా సాహెబ్ జీపు. కోడూరు తారు రోడ్డు దాకా ఆరు కిలోమీటర్ల మట్టికట్ట. వాన పడితే ఆటో రాదు, మోటార్ సైకిల్ నిలవదు. మీరా సాహెబ్ చిన్నప్పుడు గుడివాడలో లారీ షెడ్డులో పని నేర్చుకున్నాడు. మిలటరీ వేలంలో పోయిన జీపును తుక్కు కింద కొని తనే నిలబెట్టుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా మా చేపలూ, మా పురిటివాళ్ళూ, మా రోగులూ అందులోనే వెళ్తున్నారు. అందులోకి చేపల పెట్టెలు ఎత్తి దించే కూలీని నేను. ఆయన భార్య చాంద్ బీని అక్కా అంటాను, ఆయన్ని బావా అంటాను.

అక్కకు కిడ్నీలు పోయాయి. వారానికి రెండుసార్లు బందరులో డయాలసిస్. తుపాను వల్ల మంగళవారం వెళ్ళలేకపోయాం. శుక్రవారం పొద్దున్న ఆమెను ఎత్తి వెనక సీట్లో పడుకోబెడితే ఊపిరి ఈలలా వస్తోంది. కాళ్ళు ఉబ్బి చెప్పులు పట్టలేదు. పదకొండింటికి అక్కడుండాలి.

రెండు కిలోమీటర్లు రాగానే రేడియేటర్ పొగలు కక్కింది. కాస్త చల్లారనిచ్చి, బావ గోనెపట్టా పట్టి మూత తీసి నీళ్ళు పోశాడు. బెల్టు బాగానే ఉంది. గొట్టాలు కారడం లేదు. జీపు అరకిలోమీటరు మూలుగుతూ వెళ్ళి మళ్ళీ మరిగింది. తాగడానికి తెచ్చుకున్న నీళ్ళూ అయిపోయాయి.

"బావా, ఈ మడుగులో నీళ్ళు పోద్దామా?"

"ఉప్పునీళ్ళు పోస్తే దీనికీ డయాలసిస్ చెయ్యాలి," అన్నాడు. నవ్వలేదు.

ఇంజన్ వదిలేసి చక్రాల దగ్గరకు వెళ్ళాడు. బ్రేకు డ్రమ్ము మీద ఉమ్మేస్తే చుయ్యిమంది. నాలుగూ అంతే.

"న్యూట్రల్లో ఉంది. తొయ్యి."

భుజం పెట్టి తోశాను. అంగుళం కదల్లేదు.

"ఇంజన్ తప్పు కాదురా. బ్రేకులు పట్టేసి వదలట్లేదు. వాటిని ఈడ్చలేక ఇంజన్ చస్తోంది."

బానెట్ కింద బ్రేకు డబ్బా మూత తీసి వేలు ముంచాడు. నల్లగా జిగురుగా వచ్చింది.

"ఇదేంట్రా?"

బుధవారం ఆయనే "బ్రేకు డబ్బాలో ఆయిల్ తగ్గింది, పోసెయ్యరా" అన్నాడు. మా రేవులో ఆయిల్ అంటే ఒక్కటే, బోటు ఇంజన్లో పోసేది.

"బోటు ఆయిల్ పోశాను బావా."

ఆయన చేతిలో స్పానర్ పైకి లేచింది. నేను తప్పుకోలేదు.

"మూడో క్లాసు చదివావుగా, సీసా మీద బ్రేకు ఆయిల్ అని ఉందో లేదో చూడొద్దా!"

"ఆయిల్ అన్నావు కదా బావా."

"అన్నాను. నేనే అన్నాను." బురదలో కూలబడ్డాడు. "దానికి రబ్బర్లన్నీ ఉబ్బిపోయుంటాయి."

"నా కాళ్ళలాగేనా?" అంది లోపల్నుంచి అక్క.

ఆయన ఆ మాటకు లేచాడు. జీపు కిందకు దూరి ఒక్కో చక్రం దగ్గర బ్రేకు ఆయిల్ వదిలే నిపిల్ వదులు చేశాడు. ఆయిల్ పిచికారీలా చిమ్మి బ్రేకుల పట్టు వదిలింది. తోస్తే జీపు కదిలింది. ఇప్పుడు అసలు బ్రేకుల్లేవు. హ్యాండ్ బ్రేకు తుప్పుపట్టి చాలా కాలమైంది.

"ఫస్ట్ గేర్లోనే పోతాను. కట్ట దిగేచోట చక్రం కింద దిమ్మ వెయ్యి. వెయ్యకపోతే మేమిద్దరం కాలవలో."

చెక్కదిమ్మ చంకలో పెట్టుకుని మూడున్నర కిలోమీటర్లు పక్కన పరిగెత్తాను. దిగుడులో జీపు జారింది. దిమ్మ వేశాను, బురదలో జారిపోయింది. మళ్ళీ వేసి చేత్తో అదిమి పట్టాను. ఆగింది. బొటనవేలు దిమ్మ కింద నలిగిపోయింది.

ఫోన్ చేసి పిలిచిన ఆటో రోడ్డు మీద ఉంది. అక్కను అందులోకి మార్చాం. అప్పటికే పదకొండు దాటింది. ఆయన నా చెయ్యి చూసి ఆటో ఎక్కాడు.

వేలికి గుడ్డ చుట్టుకుని జీపు దగ్గరే కూర్చున్నాను. ఫోన్ మోగలేదు. చేద్దామంటే భయం. నాలుగింటికి మోగింది.

"ఇప్పుడే మెషిన్ ఎక్కించారు. ఇంకో గంట ఆలస్యమైతే చెప్పలేమన్నారు. గంగన్నా, మళ్ళీ మంగళవారానికి బండి కావాలి. నాలుగు చక్రాలూ విప్పి ఉంచు. ఆ డబ్బాలో మాత్రం ఏమీ పొయ్యకు."

"పొయ్యను బావా."