కరెంటు రొద కింద ఈల

స్టూడియోలో అందరూ ఆమెను చీపురమ్మ అని పిలిచేవారు. ఎవరైనా మాట్లాడుతుండగా వెనక ఫ్యాను తిరిగినా, కుర్చీ కిర్రుమన్నా, వీధిలో హారను మోగినా, ఆ చెత్తంతా రికార్డింగులోంచి ఊడ్చేసి మాటను మాత్రం మిగల్చడం ఆమె ఉద్యోగం. పెట్టినవాళ్ళు వెక్కిరింతకే పెట్టారు గానీ, ఆమె ఆ పేరును బిరుదులా మోసింది.

భర్త బస్సు డ్రైవరు. మామగారు చాలా ఏళ్ళు లిఫ్టు మెకానిక్కుగా చేసి విశ్రాంతి తీసుకున్న మనిషి. విశ్రాంతి అన్న మాటే గానీ, ఆయన చేతులు ఊరుకుంటేగా! ఒకరోజు మనిషెత్తు చెక్క చట్రం బిగించి, దానికి రాగితీగ వరసలు వరసలుగా చుట్టి డాబా మీద నిలబెట్టారు. పక్కింటావిడ దాన్ని కొత్త దండెం అనుకుని తువ్వాళ్ళు ఆరేసింది. ఆయన అవి ఆరేదాకా ఆగి, మడతపెట్టి మరీ ఇచ్చి వచ్చారు.

సంగతేమిటంటే, ఆయన గ్రంథాలయంలో ఒక వింత చదివారు. ఎక్కడో భూమికి అవతలి వైపు మెరుపు మెరిస్తే, దాంట్లోంచి పుట్టిన రేడియో తరంగాలు కొన్ని భూమి అయస్కాంత బలరేఖల వెంబడి అంతరిక్షంలోకి ఎగిరి, మళ్ళీ మన వైపు దిగుతాయట. దారిలో సన్నటి స్వరాలు ముందు పరుగెత్తితే బొంగురు స్వరాలు వెనకబడతాయట. తీగచుట్టకు ఒక యాంప్లిఫయరు తగిలించి చెవిలో పెట్టుకుంటే, అదంతా పైనుంచి కిందికి జారే ఈలలా వినిపిస్తుందట. అప్పట్నుంచీ ఆయన మనసంతా ఆ ఈల మీదే.

తీరా విందామంటే చెవుల్లో గుయ్‌మని కరెంటు రొద తప్ప ఇంకేం లేదు. గోడల నిండా తీగలాయె. ఒక సాయంత్రం కోడలు చెప్పులు విప్పుతుండగానే ఆయన మొహమాటంగా దగ్గరికొచ్చారు.

"అమ్మాయ్, నీ చీపురు ఒకసారి ఇటు కూడా తిప్పుతావా?"

ఆ మాటకే ఆమె కరిగిపోయింది. మర్నాడు భోజనాల వేళ స్టూడియోలో, ఆయన రికార్డు చేసి ఇచ్చిన రొదను అన్నిటికన్నా గట్టి కంప్యూటరు పనిముట్టుతో తోమేసి, గర్వంగా ఇంటికి తెచ్చింది. మామగారు కళ్ళు మూసుకుని మొత్తం విన్నారు.

"బాగుందమ్మా. చాలా ప్రశాంతంగా ఉంది," అన్నారు మర్యాదగా.

ఆమె పకపకా నవ్వేసింది. నిజమే, అందులో ఏమీ మిగల్లేదు. మనిషి గొంతు కానిదల్లా చెత్తే అని నేర్చుకున్న పనిముట్టు అది. ఈయనకేమో ఆ చెత్తే కావాలి.

ఈసారి ఓపిగ్గా కూర్చుంది. కరెంటు రొద ఒంటరిగా రాదు. దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు అంటూ పైపైకి ఒక సంతానమే ఉంటుంది. పేలదువ్వెనతో దువ్వినట్టు వాటిని ఒక్కొక్కదాన్నే సన్నగా లాగేసి, మధ్యలో ఉన్నవాటి జోలికి పోలేదు. అప్పటికి లోపల్నుంచి చిటపటలు బయటపడ్డాయి. కానీ శబ్దం నలిగిపోయి ఉంది. రొద మరీ ఎక్కువై రికార్డరు పట్టలేకపోయింది. రికార్డు అవుతూనే నలిగిపోయిన శబ్దాన్ని తర్వాత ఎంత దువ్వినా సాపు చేయలేం.

"ఊడ్చేకంటే ముందు చెత్త పడకుండా చూసుకోవాలి మామయ్యా. చోటు మారుద్దాం," అంది.

ఆయన రికార్డరుకు ముందే బొంగురు రొదను కొంత ఆపేసే చిన్న ఫిల్టరు ఒకటి టంకం వేసి తయారుచేశారు. ఆదివారం తెల్లవారుతుండగా ముగ్గురూ చట్రాన్ని కారు మీద కట్టుకుని ఊరి బయటికి, కరెంటు స్తంభాలు కనిపించని ఒక బీడుకు వెళ్ళారు. వారమంతా నడిపేది చాలక ఆదివారం కూడానా అని గొణుక్కుంటూనే భర్త నడిపాడు. అక్కడ ఇంజను ఆపించారు, ఫోన్లు ఆఫ్ చేయించారు. అయినా చెవుల్లో టిక్కు టిక్కుమంటూ ఏదో వినబడుతోంది. వెతికి వెతికి చూస్తే భర్త చేతి గడియారం! దాన్ని రేకు డబ్బాలో పెట్టి దూరంగా చెట్టు మొదట్లో వదిలేసి వచ్చాక, అతను వెనక సీట్లో ముడుచుకుని నిద్రపోయాడు.

మామా కోడళ్ళు చెరొక జత ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నారు. మొదట ఎండుటాకుల మీద చినుకులు పడ్డట్టు చిటపటలు. ఆ తర్వాత ఉన్నట్టుండి, ఎక్కడో చాలా పైనుంచి ఒక సన్నటి ఈల మొదలై, తొందర లేకుండా జారి జారి, బొంగురుపోయి ఆగిపోయింది. ఆమె చప్పున మామగారి చెయ్యి పట్టుకుంది.

"విన్నారా?"

"చివర్లో ఏదో కదిలినట్టుంది," అన్నారాయన అనుమానంగా.

ఆమెకు అర్థమైంది. ఏళ్ళ తరబడి మోటార్ల గదుల్లో పనిచేసిన చెవులు. సన్నటి స్వరాలు ఆయనకు అందడం మానేసి ఎన్నాళ్ళయిందో, ఆయనకే తెలియదు. ఆమె దిగులుపడలేదు, ఇది తన చేతిలో పనే. ల్యాప్‌టాప్ తెరిచి, రికార్డయిన ముక్కలో మిగిలిన కాస్త రొదనూ దువ్వేసి, వేగాన్ని సగానికి తగ్గించింది. వేగం తగ్గితే స్వరమూ కిందికి దిగుతుంది.

"ఇప్పుడు వినండి."

ఆయన విన్నారు. కుడిచెయ్యి మెల్లగా గాల్లోకి లేచింది. ఈలతో పాటే అంగుళం అంగుళం కిందికి దిగి మోకాలి మీద వాలింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మొహమంతా నవ్వు.

"పై అంతస్తు నుంచి దిగిందమ్మా. ఒక్క కుదుపు లేదు," అన్నారు.

ఆ చెయ్యి ఎత్తడం, దించడం ఇంకా చాలాసార్లు జరిగింది. ఆ నవ్వులకు భర్త నిద్రలేచి, తననొక్కణ్ణే వదిలేసి వింటున్నారేమిటని అలిగాడు.

సెలవు దొరికిన ఆదివారమల్లా ఇప్పుడు వాళ్ళు అక్కడే ఉంటున్నారు. మొన్న వెళ్ళినప్పుడు చిటపటల వెనక నుంచి వందల కిచకిచలు ఒక్కసారిగా లేచాయి. బీడులో పిట్టలు లేచాయనుకుని భర్త ఇయర్‌ఫోన్లు తీశాడు. నిజంగానే బయట పిట్టలు అరుస్తున్నాయి. మళ్ళీ పెట్టుకున్నాడు. లోపల ఇంకో గుంపు. కాసేపు తీస్తూ, పెడుతూ ఉండిపోయాడు.

"ఇవి ఎక్కడి పిట్టలు నాన్నా?" అన్నాడు చివరికి.

"ఇవీ ఆ పైనుంచి దిగే స్వరాలే. వీటికి గూళ్ళు లేవురా," అన్నారాయన. "ఇక ఇటు ఇవ్వు, నా వంతు."

"ఇంటికెళ్ళి సగం వేగంలో వింటావుగా," అంటూ కొడుకు ఇవ్వలేదు. కోడలు తన చెవుల్లోవి తీసి మామగారికి అందించి, బయట పిట్టల్ని వింటూ గడ్డిలో కూర్చుంది.