అక్కడ గుంట ఉన్నాది

నేను ఆర్టీసీలో కండక్టర్ని. దెయ్యం పట్టిందంటూ బస్సు ఆపించినవాళ్ళు నా సర్వీసులో ఇద్దరున్నారు. ఒకాయన పీకలదాకా తాగి ఉన్నాడు. రెండో ఆవిడకి మూర్ఛ. ఆయన మొహాన నీళ్ళు కొట్టాను, ఆవిణ్ణి ఆసుపత్రికి పంపాను, బస్సు కదిలింది. ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే "ఆ దెయ్యం టికెట్ తీసుకుందా?" అని అడిగేదాన్ని. ఇప్పుడు నేను రాసేది చదివి మీరు కూడా నన్ను అలాగే అడిగితే కోపం తెచ్చుకోను.

ఇది మా అప్ప గురించి. మా వైపు అక్కని అప్ప అంటాం. పేరు పైడమ్మ. నరసన్నపేట దగ్గర పల్లెలో కాపురం. కొద్దిపాటి వరి, రెండు గేదెలు. బావ సాలూరు లారీల మీద డ్రైవరు, నెలలో సగం రోజులు రాయపూర్ దారిలోనే ఉంటాడు. పెళ్ళయిన చాన్నాళ్ళకి ఒక ఆడపిల్ల పుట్టింది. జాహ్నవి అని పేరు పెట్టారు. ఆ పిల్ల ఒకటో తరగతికి వచ్చింది.

హైవే పక్కన పొలాలు చదును చేసి ప్లాట్లు వేసిన కంపెనీ ఒకటి, వెంచర్ ప్రారంభమంటూ టీవీ గాయకులతో పాటల కార్యక్రమం పెట్టింది. ప్రవేశం ఉచితం. ఆటోలకి మైకులు కట్టి చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిప్పారు. అప్ప ఎక్కడికీ కదిలే మనిషి కాదు. కానీ పిల్ల ఫోనులో చూసి ఎగిరే పాట పాడిన అమ్మాయి వస్తోందని తెలిసి, దాని పోరు పడలేక, పక్కింటి సత్యవతిని తోడు తీసుకుని వెళ్ళింది. ఆ రోజు నాకు పాలకొండ రూటులో డ్యూటీ. బస్సు సగం ఖాళీగా ఉంటే ఈ జనమంతా ఎటు పోయారా అని డ్రైవరూ నేనూ నవ్వుకున్నాం.

ఆ స్థలానికి రెండు గేట్లు. వేదిక వెనక ఉన్నది గాయకుల కార్లకి. రెండో చివర ఉన్నది జనానికి. లోపలికి రావాలన్నా బయటికి పోవాలన్నా జనానికి అదొక్కటే. స్థలం కిక్కిరిసిపోయాక, బయట ఉన్నవాళ్ళు ఇంక లోపలికి రాకుండా ఆ గేటుకి తాళం వేశారు. లోపల ఉన్నవాళ్ళు బయటికి ఎలా పోతారన్న ఆలోచన ఒక్కడికీ రాలేదు. రాలేదో, వచ్చినా పట్టించుకోలేదో.

ఎండ దిగుతుండగా చినుకులు మొదలయ్యాయి. పెద్ద వానేం కాదు. పిల్లల్ని ఎత్తుకున్న వాళ్ళంతా గేటు వైపు పరిగెత్తారు. ముందున్నవాళ్ళకి తాళం కనపడింది. వెనకున్నవాళ్ళకి కనపడలేదు.

అప్ప గేటు పక్కనున్న ఇనుప బారికేడ్‌కి నొక్కుకుపోయింది. పిల్ల చేతిలోంచి జారి కిందికి పోయింది. ఇవన్నీ నేను చూసినవి కావు. సత్యవతి చెయ్యి అప్ప చేతిలో మెలిపడి ఉంది కాబట్టి ఆమె చివరిదాకా పక్కనే ఉంది. అప్ప పిల్ల కోసం అరిచిందట. అసలే చిన్న గొంతు మనిషి. ఆ హోరులో పక్కనున్నవాళ్ళకే వినపడలేదు. అప్ప కింద పడలేదు. నిలబడే ఉంది. నిలబడే ప్రాణం వదిలింది. పడిపోవడానికి కూడా అక్కడ చోటు లేదు. ఈ వాక్యం రాయడానికి నాకు చాలా సేపు పట్టింది.

కాసేపటికి మైకులో యాంకర్ గొంతు వినపడింది. గేటు పక్కన గుంట ఉంది, ఎవరూ అటు వెళ్ళొద్దు, వెనక్కి జరగండి అని మళ్ళీ మళ్ళీ చెప్పాడు. గుంటలో పడిపోతామన్న భయంతో జనం ఆ మూల నుంచి విడివడ్డారు. ఆ సందులో, బయట చెరుకురసం బండి పెట్టుకున్న ఆయన బారికేడ్ కిందనుంచి చెయ్యి దూర్చి పిల్లని బయటికి లాగాడు. పిల్ల బతికింది. అప్పతో పాటు మరికొందరు పోయారు.

సత్యవతిని నేను ఒకటికి రెండుసార్లు అడిగాను. ఆమె ఎప్పుడూ ఒకే మాట చెప్పింది.

"మైకులో ఆ మాట అన్నప్పటికే మీ అప్ప అయిపోనాది. తలకాయ నా బుజమ్మీదే ఉన్నాది. పట్టిన సెయ్యి నాను ఒగ్గలేదు."

ఆసుపత్రిలో పిల్ల కాలికి కట్టు కట్టారు. నా ఒళ్ళో కూర్చుని ఆ కట్టుని వేలితో తడుముతూ ఉంది. తర్వాత మెల్లగా అంది, "అమ్మ మైకులో సెప్పొస్తానని ఎల్లింది పిన్నీ." దెబ్బ తిన్న పసిపిల్ల ఏదో అంటోందనుకున్నాను. వాళ్ళమ్మ ఎక్కడికీ కదల్లేదని దానికి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

తర్వాత కేసు, విచారణ. గేటు దగ్గర జరిగిన తోపులాటకి ఏమాత్రం తీసిపోనిది విచారణ ఆఫీసులో చూశాను. కంపెనీవాళ్ళు కార్యక్రమం నడిపినవాళ్ళ మీదికి తోశారు. వాళ్ళు సెక్యూరిటీ వాళ్ళ మీదికి తోశారు. సెక్యూరిటీ వాళ్ళు తాళం మాది కాదన్నారు. చివరికి అందరికీ కలిసొచ్చే సాకు ఒకటి దొరికింది. అదే గుంట. అధికారులు వెళ్ళి స్థలం చూశారు. నేల అంతా చదునుగా ఉంది, గుంట అన్నది ఎక్కడా లేదు. యాంకర్ పోలీసులకి చెప్పిన మాట పట్టుకుని, ఎవరో ఒక ఆడమనిషి లేని గుంట ఉందని పుకారు పుట్టించిందనీ, యాంకర్ నమ్మి మైకులో చెప్పాడనీ, జనం బెదిరి తొక్కుకున్నారనీ, తాళానికీ చావులకీ సంబంధం లేదనీ కంపెనీ లాయరు వాదించాడు. కంపెనీ అంతమంది ప్రాణాలు తీస్తే, ఈయన నేరం ఎవరో ముక్కూ మొహం తెలియని ఆడమనిషి నెత్తిన పెట్టేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

నన్ను వాంగ్మూలానికి పిలిచిన రోజే ఆ యాంకర్నీ పిలిచారు. అనంతపురం వైపు కుర్రాడు. వరండాలో బల్ల మీద నా పక్కన కూర్చున్నాడు. నేను సంచిలోంచి అప్ప ఫొటో తీసి మా లాయరు గారికి ఇవ్వబోతుంటే అతను దాన్ని చూసి లేచి నిలబడ్డాడు.

అతను చెప్పింది ఇది. చినుకులకి వైర్లు తడుస్తున్నాయని వేదిక మీద అంతా గందరగోళంగా ఉంది. అతను ఓ మూల, పెద్ద స్పీకర్ల పక్కన మైకు పట్టుకుని నిలబడి ఉన్నాడు. గేటు దగ్గర ఏం జరుగుతోందో అక్కడికి తెలియదు. వెనకనుంచి ఎవరో చొక్కా పట్టుకుని లాగారు. తిరిగి చూస్తే ఒకావిడ. చీర చెంగు నడుముకి దోపుకుని ఉంది. చేతికి గాజులు లేవు, మణికట్టు దగ్గర గీరుకుపోయి ఉంది. మెట్ల దగ్గర అంతమంది బౌన్సర్లుండగా పైకి ఎలా వచ్చిందా అనుకున్నాడు.

"'అక్కడ అడుగున గుంట ఉన్నాది బాబూ, మైకులో సెప్పు' అనింది అక్కా. ఈమే," అంటూ ఫొటో చూపించాడు.

ఆవిడ చెయ్యి చూపించిన గేటు వైపు అతను చూసి, మైకులో చెప్పి, మళ్ళీ వెనక్కి తిరిగేసరికి ఆవిడ లేదు.

అప్ప మణికట్టు ఆసుపత్రిలో నేను చూశాను, గాజులు చితికిపోయి అలాగే గీరుకుపోయి ఉంది. గాజుల సంగతి ఎవరో చెప్పి ఉండొచ్చు, పేపర్లో పడి ఉండొచ్చు. చొక్కా లాగడం ఎవరు చెప్తారు? గొంతు చిన్నది కాబట్టి మా అప్ప మనిషిని పిలవదు. వెనకనుంచి బట్ట పట్టుకుని లాగుతుంది. మా అమ్మ చీర, నా జాకెట్టు, బావ చొక్కా, అన్నీ లాగిందే. అది మా ఇంట్లో వాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు, పేపర్లో రాసేంత సంగతి కూడా కాదు.

అతను నన్ను అడిగాడు, "గుంట అంటే గొయ్యే కదక్కా?"

కాదని చెప్పాను. మా శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో గుంట అంటే ఆడపిల్ల. అప్ప తన కూతుర్ని ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. గుంట తిన్నాదా, గుంట పడుకున్నాదా, గుంటకి జొరం తగ్గిందా, ఇదే ఆమె మాట. అడుగున గుంట ఉందంటే, జనం కాళ్ళ కింద నా బిడ్డ ఉందని.

అతను మళ్ళీ కూలబడ్డాడు. మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. నేను ఓదార్చలేకపోయాను, నాకే ఓదార్పు కావాలి. అతనికి మా మాట అర్థమై, పిల్ల పడిపోయిందని మైకులో చెప్పి ఉంటే జనం చూడ్డానికి అటే ఎగబడేవాళ్ళేమో. అర్థం కాలేదు కాబట్టే పిల్ల బతికింది. దీనికి ఎవరికి దండం పెట్టాలో, ఎవర్ని తిట్టాలో నాకు తెలియలేదు.

ఇదంతా లోపల చెప్పేస్తానని మా లాయరు గారితో అన్నాను. పుకారు కాదు, మా అప్ప బిడ్డ కోసం అడిగిన సాయం అని అందరిముందూ చెప్పాలనిపించింది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఆ వేళకి పైడమ్మ వేదిక దగ్గర ఉందని నేను ఒప్పుకుంటే, గేటు దగ్గర నలిగి చనిపోలేదన్నట్టే. తాళం వల్ల పోయిందన్న మాట పడిపోతుంది. సత్యవతి సాక్ష్యం అబద్ధమవుతుంది. మనిషి ఒకేసారి రెండు చోట్ల ఉండదు కదమ్మా, కోర్టు ఒక్కటే నమ్ముతుంది అంది.

సెల్‌ఫోన్లో తీసిన వీడియో ఒకటి కేసులో పెట్టారు. నేనూ చూశాను. యాంకర్ చొక్కా వెనక్కి బిగుసుకోవడం కనిపిస్తుంది. అతను తల తిప్పి, కొంచెం వంగి, ఎవరిదో మాట వింటాడు. అవతల ఎవరున్నారో స్పీకరు పెట్టె అడ్డం, తెలియదు.

లోపల యాంకర్ జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఫొటోలో ఉన్న ఆవిడలాగే ఉందన్నాడు. విచారణాధికారి ఫొటో నా ముందు పెట్టి, మీ అక్క వేదిక దగ్గరికి వెళ్ళిందా అని అడిగారు. కంపెనీ లాయరు నా నోటివైపే చూస్తున్నాడు.

గుంట అంటే మా వైపు ఆడపిల్ల అని ముందు చెప్పాను. వచ్చిన ఆవిడ ఎవరైనా సరే, పుకారు పుట్టించలేదని, కింద పడిన పిల్లని కాపాడమని అడిగిందని చెప్పాను. ఆయన రాయించుకున్నారు.

"మా అప్ప గేటు దగ్గరే ఉందండి. అక్కడే పోయింది."

"మరి వచ్చింది ఎవరమ్మా?"

"నాకు తెలీదండి."

యాంకర్ నావైపు చూశాడు.

కేసు ఇంకా నడుస్తోంది. తాళం మాట నిలబడింది, పుకారు మాట వెనక్కి పోయింది. మా లాయరు గారు మంచి పని చేశావంటుంది. దెయ్యాల్ని నేను ఇవాళ్టికీ నమ్మను. మరి అతని చొక్కా లాగింది ఎవరు? ఎంత ఆలోచించినా ఎక్కడా తెగలేదు. ఒక్కటి మాత్రం నేను చేతులారా చేశాను. ప్రాణం పోయాక కూడా అంత జనాన్ని దాటుకుని బిడ్డ కోసం వెళ్ళిన మా అప్పని గుర్తు తెలియని స్త్రీ అని రాస్తే, దాని కింద సంతకం పెట్టి ఇంటికొచ్చాను.